బాధితుడి తప్పెంత?

పరిహారం కోసం కోర్టు మెట్లెక్కిన క్షతగాత్రుడికి ఎదుటి పక్షం వేసే తొలి ప్రశ్న ఈనాటికీ ఒకటే: నీ తప్పేమీ లేదా? ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం గాయపడినవాడికి వ్యతిరేకంగానే నడిచింది.

1809 నాటి ఇంగ్లండు కేసుతో మొదలుపెట్టాలి. డెర్బీ పట్టణంలో ఫారెస్టర్ అనే ఆయన తన ఇంటి మరమ్మతుల కోసం వీధిలో కొంతమేర అడ్డంగా ఒక వాసం పెట్టాడు. ఆగస్టు నెల, రాత్రి ఎనిమిది గంటల వేళ, ఇళ్లలో దీపాలు వెలిగిస్తున్నారు. బటర్‌ఫీల్డ్ అనే రౌతు మద్యం దుకాణం నుంచి బయలుదేరి గుర్రాన్ని దౌడు తీయించాడు. వాసానికి తగిలి గుర్రంతో సహా కూలబడ్డాడు, గట్టి దెబ్బలే తగిలాయి. వంద గజాల దూరం నుంచే వాసం కనబడేంత వెలుతురు ఉందని సాక్షి చెప్పాడు. దారికి అడ్డం పెట్టడం తప్పే అయినా, తన జాగ్రత్త తాను చూసుకోనివాడు ఎదుటివాడి తప్పు పట్టుకుని డబ్బు అడగరాదని లార్డ్ ఎలెన్‌బరో అన్నాడు. బటర్‌ఫీల్డ్‌కు పైసా రాలేదు.

ఈ న్యాయంలో వాటాలు లేవు. ఇస్తే మొత్తం, లేకపోతే సున్నా. గుర్రపు రౌతు విషయంలో ఇది సబబుగానే తోచవచ్చు. కానీ యంత్రాలూ రైళ్లూ వచ్చాక ఇదే సూత్రం కూలివాళ్ల మీద పడింది, పైగా దానికి మరో రెండు తోడయ్యాయి. 1837లో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే ప్రీస్ట్లీ, మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువెక్కించిన బండి విరిగి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. జ్యూరీ 100 పౌన్లు ఇమ్మంటే పై కోర్టు కాదంది. తోటి పనివాడి నిర్లక్ష్యానికి యజమాని బాధ్యుడు కాడన్న వాదం ఈ తీర్పు నీడలోనే ఎదిగింది. 1842లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో రైలు ఇంజను నడిపే ఫార్వెల్, మరో ఉద్యోగి పట్టాల స్విచ్చి తప్పుగా వేయడంతో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ప్రధాన న్యాయమూర్తి లెమ్యూల్ షా ఇచ్చిన జవాబు: ఆ పనిలో ప్రమాదం ఉందని తెలిసే చేరావు, నీ జీతంలో దాని ఖరీదు కలిసే ఉంది. ఫార్వెల్ జీతం రోజుకు 2 డాలర్లు. తిండి కోసం పనిలో చేరడాన్ని ప్రమాదానికి ఒప్పుకోవడంగా లెక్కకట్టిన ఆ తర్కాన్ని ఎన్నిసార్లు చదివినా మనసు ఒప్పుకోదు.

ఆ ఏడాదే ఇంగ్లండులో ఒక గాడిద కేసు చిన్న దారి తెరిచింది. యజమాని ముందుకాళ్లకు బంధం వేసి రోడ్డు మీద మేతకు వదిలిన గాడిదను వేగంగా వచ్చిన బండి తొక్కి చంపింది. అలా వదలడం తప్పే అయినా, బండివాడు తలచుకుంటే చివరి క్షణంలో ప్రమాదం తప్పించగలిగేవాడు కాబట్టి బాధ్యత అతనిదేనన్నారు. 1891లో ప్రభువుల సభ ఇంకో అడుగు వేసింది. రైలు మార్గం తవ్వకంలో తల మీదుగా క్రేను రాళ్లు మోస్తుంటే కింద డ్రిల్లు పట్టుకు పనిచేసిన స్మిత్ మీద రాయి పడింది. ప్రమాదం ఉందని తెలియడం వేరు, దానికి ఒప్పుకోవడం వేరు అని ఆ తీర్పు తేల్చింది. తప్పును వాటాలుగా పంచే సాధారణ చట్టం మాత్రం బ్రిటన్‌లో 1945 దాకా రాలేదు.

పాత సూత్రం పూర్తిగా పోలేదు. అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియా రాష్ట్రాల్లో ఇప్పటికీ బాధితుడి తప్పు కాస్త రుజువైనా దావా వీగిపోవచ్చు. ఉద్యోగాల కోసం వర్జీనియా, మేరీలాండ్‌లలో స్థిరపడిన మనవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

మన దేశంలో 1945 నాటి బ్రిటన్ చట్టం లాంటిది లేకపోయినా, న్యాయం, ధర్మం పేరుతో కోర్టులు వాటా పద్ధతినే తీసుకున్నాయి. 1980 నాటి కలకత్తా హైకోర్టు కేసు మన రోడ్లకు బాగా సరిపోతుంది. కిక్కిరిసిన బస్సులో చోటు లేక ప్రయాణికుల్ని పైకప్పు ఎక్కించారు. ఎడ్లబండిని దాటబోయి డ్రైవరు బస్సును పక్కకు తిప్పగా, పైనున్న ఒకతను చెట్టుకొమ్మ తగిలి కిందపడి చనిపోయాడు. పైకి ఎక్కినవాడిదీ తప్పే, పైన మనుషులున్నారని తెలిసీ అలా నడిపినవాళ్లదీ తప్పేనంది కోర్టు.

మోటారు వాహనాల చట్టం తప్పు ప్రసక్తి లేని పరిహారాన్ని 1982లో తెచ్చింది. 2019 సవరణ దాన్ని మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు చేసింది. అంతకన్నా ఎక్కువ కావాలంటే ట్రైబ్యునల్‌లో తప్పొప్పుల వాదన తప్పదు. అక్కడ హెల్మెట్ లేదు, లైసెన్సు లేదు, బండి మీద ముగ్గురున్నారు అంటూ బీమా కంపెనీ కౌంటరు వేస్తుంది. 2020లో మహమ్మద్ సిద్దిఖీ కేసు ఈ వాదనతోనే సుప్రీంకోర్టుకు వచ్చింది. ముగ్గురు వెళ్తున్న బైకును వెనక నుంచి కారు ఢీకొట్టింది, మూడో మనిషి ఉన్నాడని ఢిల్లీ హైకోర్టు 10 శాతం కోత పెట్టింది. సుప్రీంకోర్టు ఆ కోతను కొట్టేసింది. నియమం ఉల్లంఘించారన్నది ఒక్కటే చాలదు, ఆ ఉల్లంఘన వల్లే ప్రమాదం జరిగిందనో గాయం పెరిగిందనో రుజువుండాలి అంది.