నిషిద్ధ చుక్కలు

1840 తర్వాత ఒక రాత్రి. పారిస్, సేన్-విక్తర్ వీధిలోని అంధబాలల పాఠశాల. పిల్లల పడకగది తలుపు దగ్గర ఒకడు కాపలా ఉన్నాడు.

"ఒరేయ్, అడుగుల చప్పుడైతే దగ్గుతాను. కాగితం దాచెయ్."

లోపల ఇంకొకడు దుప్పటి కింద దళసరి కాగితం పరుచుకుని టకటకా పొడుస్తున్నాడు. పలకలూ స్టైలస్‌లూ పెద్దవాళ్లు లాగేసుకున్నారు కనుక వాడి చేతిలో అల్లిక సూది. దీపం వెలిగించే పనిలేని దొంగతనం!

ఈ మాటలు నా ఊహ. ఆ బడిలో చుక్కల లిపి మీద నిషేధం మాత్రం నిజం. అల్లిక సూదులు, ఫోర్కులు, మేకులు, ఏది దొరికితే దానితో పిల్లలు చాటుగా రాసుకునేవారని ఆ లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిల్ జీవితచరిత్రల్లో ఉంది.

చుక్కల లిపి రాకముందు వాళ్లకి పుస్తకాలు లేకపోలేదు. బడి పెట్టిన వాలంటిన్ హాయీ తడికాగితం మీద మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చొత్తించాడు. చూడవచ్చిన దొరలు మురిసిపోయేవారు. వేలికి మాత్రం అది నరకం. ఒక్కో అక్షరం చుట్టూ తడుముకుంటూ వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరిచిపోయేవారు. పుస్తకాలు మోయలేనంత బరువు. పైగా ఆ పద్ధతిలో పిల్లవాడు సొంతంగా ఒక్క ఉత్తరం ముక్క రాసుకోలేడు.

జీనులు కుట్టే తండ్రి కొట్లో మూడేళ్ల వయసులో కంటికి గాయమై, అయిదేళ్లకు చూపంతా పోగొట్టుకున్న లూయీ బ్రెయిల్ 1819లో ఆ బడికి వచ్చాడు. బార్బియే అనే మాజీ సైనికాధికారి తెచ్చిన పన్నెండు చుక్కల లిపిని తడిమి చూశాడు. అది ధ్వనులకే గాని స్పెల్లింగుకు పనికిరాదు, గుర్తు వేలికొస కింద ఇమడదు. పదిహేనేళ్లకల్లా చుక్కల్ని ఆరుకు కుదించాడు. ఒక్క స్పర్శకు ఒక అక్షరం. ఆరింటితో అరవై మూడు గుర్తులు. (మన భారతి బ్రెయిలీలో 'అ' కూడా ఆయన మొదటి అక్షరానికి పెట్టిన ఆ ఒంటి చుక్కే.) 1829లో ఆ పద్ధతిని వివరిస్తూ పుస్తకం వచ్చింది. తమాషా ఏమిటంటే, దాన్ని అచ్చువేసింది పాత ఉబ్బెత్తు అక్షరాల్లోనే! 1837లో మూడు సంపుటాల ఫ్రాన్స్ చరిత్ర చుక్కల్లోనే వెలువడింది.

ఆ చరిత్ర పుస్తకమే బడి పెద్ద పిన్యే మీద నేరారోపణల్లో ఒకటైందంటారు. 1840లో ఆయన్ని దింపి, సహాయకుడు ద్యుఫో ఆ కుర్చీ ఎక్కాడు. చూపున్నవాళ్లు చదవలేని లిపి అంధుల్ని లోకానికి దూరం చేస్తుందన్నది అతని పక్షం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పుస్తకం చూడవచ్చినవాళ్లకి ఇంపుగానూ చదవాల్సినవాళ్లకి కష్టంగానూ ఉంటే ఆ దూరం ఎవరు పెంచినట్టు? హాయీ కాలపు పుస్తకాలను తగలబెట్టించి, స్కాట్లాండ్ తరహా ఉబ్బెత్తు అక్షరాలు తెప్పించాడని చరిత్రకారులు రాశారు. చుక్కలు బంద్. వాటిని కనిపెట్టిన లూయీ అదే బడిలో, క్షయతో దగ్గుతూ, పాఠాలు చెబుతూనే ఉన్నాడు.

కొత్త సహాయకుడు గ్వాదే మాత్రం పిల్లల్ని గమనించాడు. లాక్కున్నకొద్దీ రాస్తున్నారు. ద్యుఫోకి నచ్చజెప్పాడు.

1844 ఫిబ్రవరి 22. ఇన్వాలిద్ బులెవార్‌లో కొత్త భవన ప్రారంభం, నిండు సభ. గ్వాదే లేచి ఆ చుక్కల కథ చదివాడు. తర్వాత ప్రదర్శన. ఒక బాలిక చెప్పింది చెప్పినట్టు పొడిచింది. అంతసేపూ బయట ఉన్న మరొకరు వచ్చి, వేళ్లు ఆనించి గడగడా చదివేశారు. కంఠతా పట్టించారని సభలో ఒకాయన గొడవపెట్టాడట. అయితే మీ జేబులో ఉన్న కాగితమే ఇవ్వండన్నారట. ఆయన ఇచ్చిన టికెట్టు మీది రాతని మళ్లీ పొడిచి, మళ్లీ చదివించారని ప్రతీతి. చప్పట్లు.

లూయీ 1852 జనవరి 6న పోయాడు. 1854లో ఫ్రాన్స్ ఆయన లిపిని అధికారికంగా స్వీకరించింది. అప్పటికీ బడి పెద్ద ద్యుఫోయే.