కార్ నికోబార్: మోకరించిన చోటే మైదానం

నికోబార్ దీవుల్లో క్రైస్తవం మొదటి ప్రయత్నం జ్వరాల పాలైంది. 1768లో మొరేవియన్ మిషనరీలు డెన్మార్క్ వారి తరంగంబాడి స్థావరం అండతో నాన్‌కౌరీ దీవికి వెళ్లారు. విశ్వాసానికి లోటు లేదు కానీ ఒంట్లో శక్తి చాలలేదు. ఒకరి తర్వాత ఒకరు మంచం పట్టారు. 1787లో మిగిలినవాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. అదే నేల మీద నికోబారీలు కొబ్బరిచెట్లెక్కుతూ, హోడీ పడవలకు తెడ్డేస్తూ, ఈటెలతో చేపలు పొడుస్తూ బతుకుతూనే ఉన్నారు. చర్చి వచ్చి వాళ్లకు దేహదారుఢ్యం నేర్పిందంటే నేను ఒప్పుకోను.

వాళ్ల కుస్తీ పేరు కిరిప్. ఇద్దరూ ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుంటారు. ఆ పట్టు సడలకూడదు. కాళ్లతో, ఒంటి బరువుతో ఎదుటివాణ్ణి పడేయాలి. పడవ పందేలు నీళ్ల మీదే కాదు, ఇసుక మీద కూడా ఆడతారు. బలం, ఊపిరి, పంతం అప్పటికే ఉన్నాయి. లేనిదల్లా ఆ బలాన్ని ఏళ్ల తరబడి ఒక గురి వైపు నడిపించే ఏర్పాటు.

ఆ ఏర్పాటు బయటి ప్రపంచంలో అప్పుడప్పుడే రూపు కడుతోంది. 1844లో లండన్‌లో వైఎంసీఏ పుట్టింది. బలమైన ఒళ్లూ భక్తీ కలిసే నడవాలన్న ఆలోచన ఇంగ్లండు బడుల్లో పాకింది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణాలయంలో నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. 1920లో హ్యారీ బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ శిక్షణ కళాశాల తెరిచాడు. వీళ్లకు బైబిల్లో ఆధారం పౌలు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఆయన పందెగాడి క్రమశిక్షణను విశ్వాసికి ఉదాహరణగా చూపించాడు. అయితే ఆయన పేరనే ఉన్న తిమోతి పత్రికలో దేహసాధన వల్ల ఒరిగేది కొంతేనన్న మాట కూడా ఉంది. ఉత్సాహంలో చాలామంది దాన్ని దాటేసి చదువుతారు.

కార్ నికోబార్‌లో ఈ ఆలోచనకు మనిషి రూపం జాన్ రిచర్డ్‌సన్. 1884లో మూస్ గ్రామంలో పుట్టాడు. తమిళ ఉపదేశకుడు వేదప్పన్ సాల్మన్ చేరదీశాడు. చదువుకోసం బర్మా వెళ్లి, 1912లో ఉపాధ్యాయుడిగా తిరిగొచ్చాడు. పలకా బలపంతో పాటు ఫుట్‌బాల్ కూడా పరిచయం చేశాడు. కొత్త నిబంధనను నికోబారీలోకి తెచ్చాడు. ఆయన చూపు ఎంత దూరం పోయిందో ఇక్కడే తెలుస్తుంది: ఊరికి తన భాషలో వాక్యం, తన మైదానంలో జట్టు. కిరిప్‌లో నెగ్గేది ఒక్కడే. ఫుట్‌బాల్‌లో పక్కవాడికి బంతి అందించనిదే ఆట సాగదు. ఉమ్మడి కుటుంబాల మీద నడిచే సమాజానికి ఇది తేలిగ్గానే ఒంటపట్టి ఉండాలి.

1942లో జపాన్ సైన్యం దిగింది. హత్యలు జరిగాయి. రిచర్డ్‌సన్‌కూ మరణశిక్ష పడింది. యుద్ధం ముగియడంతో బతికి బయటపడ్డాడు. ఆ తర్వాతే ఊళ్లకు ఊళ్లు చర్చిలో చేరాయి. ఆయన 1950లో బిషప్ అయ్యాడు. 1952లో లోక్‌సభకు నామినేట్ అయ్యాడు. 1978లో కన్నుమూశాడు.

2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, సునామీ వచ్చింది. కార్ నికోబార్‌లో తొమ్మిదేళ్ల డెబోరా హెరాల్డ్ చెట్టును పట్టుకుని బతికింది. ఆ అమ్మాయే 2015లో 500 మీటర్ల సైకిల్ టైమ్ ట్రయల్‌లో ప్రపంచ నాలుగో ర్యాంకుకు చేరింది. ఇదంతా ప్రార్థన ఫలమని రాసేస్తే సులువుగా ఉంటుంది కానీ సగం నిజమే అవుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో సైకిలు ట్రాకు, ఢిల్లీలో జాతీయ అకాడమీ, చేతిలో స్టాప్‌వాచీతో కోచ్ లేకపోతే కొబ్బరిచెట్టెక్కిన కాళ్లు అక్కడే ఆగిపోయేవి. విశ్వాసం ఇచ్చేది పొద్దున్నే లేచే పట్టుదల. గేరు ఎంత ఉండాలో అది చెప్పదు.

ఫుట్‌బాల్ పిచ్చి కూడా పోలేదు. ఇంగ్లండు ఆటగాడి పేరు పెట్టుకున్న డేవిడ్ బెక్‌హామ్ అనే కార్ నికోబార్ యువకుడు 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో దిగాడు, బంతితో కాదు, సైకిలుతో. అదే జట్టులోని ఈసో ఆల్బెన్ కూడా నికోబారీయే. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ పోటీల్లో కెయిరిన్ అనే సైకిల్ పందెంలో రజతం గెలిచాడు. మరుసటి ఏడు ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో మణిపుర్ కుర్రాళ్లతో కలిసి టీమ్ స్ప్రింట్ స్వర్ణం సాధించాడు.