చెరువు ఖర్చు ఎవరు భరించేవాళ్లు? దశబంధం నుంచి ఇంటి పన్ను దాకా

మొన్న మా ఊరి గ్రామసభలో ఇంటి పన్ను పెంచుతామన్నారు. పెరిగిన డబ్బుతో చెరువు కట్ట మీద కంప కొట్టించి, వాగు నుంచి వచ్చే కాలువ పూడిక తీయించి, గట్టు పొడుగునా చెట్లు నాటిస్తారంట. సగం మంది లేచి గొడవ. నేనూ అరిచినా. ఇంటికొచ్చినాక, మన పెద్దలు ఈ ఖర్చు ఎట్ల పెట్టుకునేవాళ్లో గుర్తుచేసుకుంటే, అరిచిన మాటల్లో సగం తప్పు, సగం ఒప్పు అనిపించింది.

మన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు అందరికీ తెలుసు కదా. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించినాడు. 1369 నాటి శాసనం ఉంది. రెండేళ్లు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేసినాయని అందులో చెక్కినారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాసినారు. కట్ట ఊరడం, చవుడు నేల ఆ దోషాల్లోవే. ఇంకొకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. ఇప్పుడు రాజ్యాలు లేవు, రెండు ఆఫీసుల మధ్య ఉన్నా అదే దోషం.

కట్టించేది రాజు, సరే. ఏటేటా మరమ్మతు ఎవరు చేయాలి? దానికే మన సీమలో దశబంధం పెట్టినారు. చెరువు కట్టినోడికి, బాగుచేసినోడికి దాని కింద భూమిలోనో పంటలోనో పదో వంతు హక్కు. అది ఊరికే ఇచ్చింది కాదు, చెరువును బాగా చూసుకుంటేనే ఆ మాన్యం నిలుస్తుంది. అంటే ఖర్చు చెరువు నీళ్లు తాగే భూమి నుంచే వచ్చేది. దాంతోపాటు ఊరోళ్లు గంపా పారా పట్టుకొని మట్టి మోసేవాళ్లు, దాన్ని కుడిమరామత్తు అనేవాళ్లు. ఇంగ్లీషోళ్లు 1858లో దానికి చట్టం చేసి, పనికి రానోళ్ల దగ్గర డబ్బు వసూలు చేసే ఏర్పాటు పెట్టినారు. ఇష్టంగా చేసే పని జుల్మానా పని అయినాక ఎవరికి మనసొప్పుతుంది? 1876-78 కరువు తర్వాత, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం అని సర్కారే మొదలుపెట్టాల్సి వచ్చింది.

1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాములు పోవడం మంచిదే, దానికి నేను వ్యతిరేకం కాదు. కానీ మాన్యం భూమి పట్టా అయిపోయి, దానికి కట్టేసిన చెరువు పని మాత్రం గాలికి పోయింది. ఆ పని ఎవరిదో మళ్లీ ఎవరూ చెప్పలేదు.

1997 నాకు బాగా గుర్తు, అప్పుడే సేద్యం చేతికి తీసుకున్నా. పెద్ద కాలువల కింద ఎకరా వరికి 60 ఉన్న నీటి తీరువా 200 రూపాయలైంది. తిట్టుకోనోడు లేడు. అయితే ఆ ఏడే సాగునీటి సంఘాల చట్టం తెచ్చి, రాష్ట్రమంతా పది వేలకు పైగా సంఘాలకు ఎన్నికలు పెట్టినారు. తీరువాలో కొంత తిరిగి సంఘానికే ఇస్తామన్నారు. డబ్బు వచ్చినన్నాళ్లు కాలువల్లో పని కనబడింది. రావడం తగ్గినాక సంఘం పేరే మిగిలింది. రైతు పెంపుకు ఒప్పుకోడనేది నిజం కాదు, కట్టింది కండ్లకు కనబడకపోతేనే ఒప్పుకోడు.

ఇప్పుడు మా ఊరి సంగతి. ఇంటి పన్ను ఆయకట్టులో సెంటు భూమి లేని కూలోళ్లూ కడతారు. చెరువు నిండితే బోర్లలో నీళ్లు పెరిగి వాళ్లకూ మేలే, కాదనను. కానీ ఐదెకరాల మడి ఉన్న నాకూ, రేకుల కొట్టం ఉన్నాయనకూ ఒకటే పెంపు అంటే దశబంధం పెట్టినోళ్లు కూడా ఒప్పుకోరు. ఆయకట్టు రైతులం ఎకరాకు ఇంతని వేరేగా వేసుకుందాం. చెరువులో చేపల వేలం డబ్బు ముందు దీనికే వాడాలి. చాలకపోతే అప్పుడు ఇంటి పన్ను అడగండి, నేనే ముందు కడతా.

ఇంకొకటి, ఆ డబ్బు జమాఖర్చు పంచాయతీ గోడ మీద పెయింటుతో రాయాలి. వచ్చే సభలో ఇదే అడుగుతా. మీ ఊర్లో దశబంధం మాన్యం అని పిలిచే చేను ఇంకా ఉంటే ఎక్కడుందో కింద రాయండన్నా.