నిజాం జహాజుకు రంగెయ్యాలంటే



దుండిగల్‌లో లేచి దిగే ట్రైనింగ్ విమానాల చప్పుడు మా కుత్బుల్లాపూర్ ఇలాఖా పిల్లలకు కొత్త కాదు. ఆ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 1967 అక్టోబరులో సంగే బునియాద్ వేసింది అప్పటి సదర్ డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాబ్. ఆయన 1897లో పుట్టింది మన హైదరాబాద్‌లోనే. విమానాలు చూస్తూ పెరిగిన పిల్లలు చిన్న ప్లాస్టిక్ విమానాల కిట్లు తెచ్చి అతికించి రంగులు వేస్తామంటే అది మంచి షౌకే. అసలు చిక్కు రంగుల దగ్గర వస్తుంది. కుంచెతో వేస్తే గీతలు పడుతున్నాయి, ఎయిర్‌బ్రష్ కావాలంటారు. "భాయ్, ఏది కొనియ్యాలి? వందల్లోనూ ఉన్నాయి, వేలల్లోనూ ఉన్నాయి" అని తల్లిదండ్రులు నన్నడుగుతుంటారు.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. ముందు ఏ విమానానికి రంగెయ్యాలో తేల్చుకోండి, ఔజార్ సంగతి దాని వెనకే తేలుతుంది. మీ బచ్చాలు ఇంకా తేల్చుకోకపోతే ఒక మష్వరా ఇస్తాను. హైదరాబాద్ పేరు మోసిన విమానాలతో మొదలుపెట్టమనండి. అలాంటివి ఉన్నాయని మన ఇళ్లల్లో చాలామందికి తెలియదు. ఎయిర్‌బ్రష్ తారీఖ్‌నూ ఆ జహాజుల తారీఖ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది కొనాలో దానంతట అదే అర్థమవుతుంది.

ఎయిర్‌బ్రష్ అంటే హవాతో నడిచే ఖలమ్. అమెరికాలోని అయోవాలో ఆబ్నర్ పీలర్ అనే ఆయన 1870ల చివర్లో మొదటి నమూనా తయారు చేశాడు. లిబర్టీ వాకప్ అనే ఆయన ఆ హక్కులు కొని, దాన్ని బాగుచేసి బజారుకు తెచ్చాడు. ఆ రోజుల్లో దాని పని విమానాలు కాదు, ఫొటోలు. మసకబారిన ఫొటోల మీద నీడలు దిద్దడానికి, పెద్దవి చేసిన తస్వీర్లకు రంగులు వెయ్యడానికి వాడేవారు. 1890ల్లో చార్లెస్ బర్డిక్ దాన్ని పెన్నులా చేతిలో ఇమిడేటట్టు మార్చాడు. హవా, రంగు లోపలే కలిసి సన్నటి మూతి నుంచి బయటికొచ్చే పద్ధతి ఆయనదే. తర్వాత ఆయన ఇంగ్లండ్ వెళ్లి 'ఏరోగ్రాఫ్' పేరుతో వాటిని తయారు చేయించాడు.

ఇందులో కొనేవాళ్లకు ఒక సబక్ ఉంది. బర్డిక్ కాలం నాటి ఎయిర్‌బ్రష్‌నూ నేటి దాన్నీ విప్పి పక్కపక్కన పెడితే అసలు కీలకం దాదాపు ఒకటే. ఒక సూది, ఆ సూది కూర్చునే నాజిల్, హవాను వదిలే వాల్వ్, ఒక మీట. మీటను కిందికి నొక్కితే హవా, వెనక్కి లాగితే రంగు. దీన్నే డబుల్ యాక్షన్ అంటారు. నూటముప్పై ఏళ్లుగా మారని వస్తువులో "కొత్త టెక్నాలజీ" అని ఎవరైనా ఊదరగొడితే తొందరపడి నమ్మకండి. పైసలు పెట్టాల్సింది సూది, నాజిల్ ఎంత నఫాసత్‌గా తయారయ్యాయో అన్నదాని మీదే. మెరిసే డబ్బా, పది రకాల పిడులు తర్వాతి మాట.

ఇక జహాజుల దగ్గరికి వద్దాం.

మొదటి ఆలమీ జంగ్ చివరి ఏడాది 1918. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ హుకూమత్‌కు ఒక మొత్తం స్క్వాడ్రన్‌కు సరిపడే విమానాలు తుహ్ఫాగా ఇచ్చారు. అవి డి.హెచ్.9ఏ అనే బాంబర్లు. ఆ స్క్వాడ్రన్ నంబర్ 110. అప్పటి నుంచి దాని పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. 1918 సెప్టెంబరులో అది ఫ్రాన్స్ చేరి జర్మనీ షహర్ల మీద పగటి దాడులు చేసింది. దాని నుక్సాన్ కూడా భారీగానే జరిగింది. ఆ విమానాల పక్కన ఇది నిజాం తుహ్ఫా అని, హైదరాబాద్ అని, నంబరుతో సహా రాసి ఉండేది.

అందులో ఒకటి ఇప్పటికీ ఉంది. ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో జంగ్ తర్వాత అది పోలండ్‌లోని క్రాకోవ్ చేరింది. 1977లో లండన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం దాన్ని తిరిగి తెచ్చుకుంది. బదులుగా పోలండ్‌కు ఇచ్చింది ఒక స్పిట్‌ఫైర్. హైదరాబాద్ పేరున్న జహాజు కోసం స్పిట్‌ఫైర్‌నే వదులుకున్నారు!

ఈ డి.హెచ్.9ఏ మోడల్‌కు ఎలాంటి ఎయిర్‌బ్రష్ కావాలి? అది కర్ర చట్రం మీద గుడ్డ చుట్టిన విమానం. పైన ఖాకీ, ఆకుపచ్చ కలిసిన ఒకే ముదురు రంగు, కింద గుడ్డ సహజ రంగు. పెద్ద రెక్కలు నాలుగు. ఇంత సాదా పనికి బారీక్ సూది అక్కర్లేదు. 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల నాజిల్ చక్కగా సరిపోతుంది. రంగు త్వరగా అడ్డుపడదు, కొత్త చెయ్యికి సులువు. పక్కనున్న అక్షరాలను మాత్రం ఏ ఎయిర్‌బ్రష్‌తోనూ రాయలేం. వాటికి నీళ్లలో నానబెట్టి అతికించే డెకాల్ స్టిక్కర్లు, లేదంటే సన్నటి కుంచె. ఎంత ఖరీదైన ఔజారైనా అన్ని పనులూ చెయ్యదని పిల్లలకు ఇక్కడే తెలిసిపోతుంది.

రెండు రంగులు కలిసే చోట మాస్కింగ్ టేపు వెయ్యాలి. ఈ హునర్ బయటి నుంచి వచ్చిందని అనుకోకండి. 17వ శతాబ్దంలో మన దక్కన్ ముసవ్విర్లు అబ్రీ కాగితాల మీద బొమ్మలు వేశారు. అబ్ర్ అంటే ఫార్సీలో మేఘం. నీటి మీద తేలే రంగులను కాగితానికి ఎత్తేటప్పుడు, రంగు అంటకూడని చోటును స్టెన్సిల్‌తోనో జిగురుతోనో కప్పేవారు. బక్కచిక్కిన గుర్రం మీద సవారీ చేసే మనిషి బొమ్మ ఒకటి అలా వేసిందే, ఇప్పుడది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. టేపు అతికించి రంగు చిమ్మే పిల్లవాడు చేసేదీ అదే పని.

రెండో ఆలమీ జంగ్‌లో హైదరాబాద్ పేరుతో ఇంకో రెండు స్క్వాడ్రన్లు నడిచాయి. 152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు, 253 స్క్వాడ్రన్ హరికేన్లు. 1940లో ఇంగ్లండ్ ఆస్మాన్‌లో జరిగిన లడాయిలో రెండూ పాల్గొన్నాయి. 152 స్క్వాడ్రన్ బ్యాడ్జి మీద నిజాం దస్తార్ ఉంటుంది. దాని నినాదం 'వఫాదార్ దోస్త్' అనే అర్థమిచ్చే ఇంగ్లిషు మాట, 1918లో నిజాంకు బ్రిటిష్‌వాళ్లిచ్చిన ఖితాబులోనిదే. 253 స్క్వాడ్రన్ బ్యాడ్జి మీద హిందుస్తానీ గొడ్డలి పట్టిన చెయ్యి. తర్వాత 152 స్క్వాడ్రన్ బర్మా వెళ్లింది, అక్కడ దాని స్పిట్‌ఫైర్ల పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకుంది.

ఇక్కడ ఎయిర్‌బ్రష్ లెక్క కొంచెం మారుతుంది. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11 మీటర్ల పైచిలుకు. 72వ వంతు మోడల్‌లో అది పదిహేనున్నర సెంటీమీటర్లే. దాని మీద ఆకుపచ్చ, మట్టిరంగు అలలు కలిసే అంచు నీటుగా రావాలి. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, మంచి మాస్కింగ్ ఉంటే చాలు. వీటికి ఎదురు నిలిచిన జర్మన్ మెసెర్‌స్మిట్ చెయ్యాలంటేనే కష్టం. వాటి పక్కలకు మచ్చలు మచ్చలుగా రంగు చిమ్మేవారు. చిన్న మోడల్‌లో ఆ మచ్చ ఆవగింజంత. దానికి 0.2 మిల్లీమీటర్ల సూది, బాగా పలచన చేసిన రంగు, చాలా సబర్ కావాలి. అందుకే మొదటి ఎయిర్‌బ్రష్‌గా 0.2 కొనకండి. కొన్ని జర్మన్ బ్రష్‌లకు 0.2, 0.4 రెండూ మార్చుకునే వీలుంటుంది. జపాన్‌వాళ్ల 0.3 కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పైన కప్పు ఉండేదే తీసుకోండి, చిన్న పనికి నాలుగు చుక్కల రంగు సరిపోతుంది.

కొనేటప్పుడు ఇవి చూడండి.

సూదిని బయటికి తీసి అద్దం మీద దొర్లించండి. కొన ఊగితే వంగినట్టే. భూతద్దంతో నాజిల్ మూతి చూడండి, గుండ్రంగా, పగులు లేకుండా ఉండాలి. మన జీడిమెట్ల, చింతల్ వైపు లేత్ మీద పనిచేసే టర్నర్ భాయీలు ఏ ఇంట్లోనైనా ఒకరుంటారు. సూదీ నాజిలూ ఒకే కేంద్రం మీద కూర్చోకపోతే ఏమవుతుందో వాళ్లను అడగండి, నాకన్నా బాగా చెప్తారు. రంగు ఒక పక్కకే చిమ్ముతుంది.

లోపలి సీళ్లు టెఫ్లాన్‌వి అయి ఉండాలి. మామూలు రబ్బరైతే థిన్నర్ తగిలి ఉబ్బుతుంది. విడి సూది, విడి నాజిల్ ఇక్కడ దొరుకుతాయా అని కొనకముందే అడగండి. నాకు తెలిసి అసలైన క్వాలిటీ ఇదే. ఎంత మంచి బ్రష్ అయినా ఒకనాడు కింద పడుతుంది, సూది వంగుతుంది. ఆ రోజు సూది దొరకని ఖరీదైన బ్రష్ అల్మారాలోనే ఉండిపోతుంది. నాజిల్ మర మరీ చిన్నదైతే గట్టిగా బిగించకండి, తెగిపోతుంది.

కంప్రెసర్ మీద కంజూసీ వద్దు. కారు టైరుకు గాలి కొట్టే పంపులో హవా దడదడా కొట్టుకుంటూ వస్తుంది, గీత వణుకుతుంది. చిన్న ట్యాంకు, రెగ్యులేటర్, నీళ్లు పట్టే ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. మోడళ్ల పనికి 15 నుంచి 25 పీఎస్‌ఐ చాలు. బారిష్ రోజుల్లో ఫిల్టర్ లేకపోతే రంగుతో పాటు నీటి చుక్కలూ పడతాయి. మే ఎండల్లో అక్రిలిక్ రంగు సూది కొన మీదే ఎండిపోతుంది, రిటార్డర్ రెండు చుక్కలు కలపాలి.

సెహత్ విషయంలో మాత్రం రాజీ లేదు. దస్తీ కట్టుకుంటే, గుడ్డ మాస్కు పెట్టుకుంటే థిన్నర్ ఆవిరి ఆగదు. కార్ఖానాల్లో పెయింటర్లు వాడే కార్ట్రిడ్జి మాస్కు కావాలి. కిటికీ తెరవాలి, బావర్చీఖానా పొయ్యికి దూరంగా ఉండాలి. చిన్న పిల్లలకు నీటితో కలిపే అక్రిలిక్ రంగులే ఇవ్వండి. ఇంట్లో కేకులు చేసే ఆపాలు ఎయిర్‌బ్రష్ వాడుతుంటే అది వేరే ఉండాలి. మోడల్ రంగు తగిలిన బ్రష్ తిండి దగ్గరికి రాకూడదు.

మనుషుల బొమ్మల సంగతి కొందరు అడుగుతారు. కిట్లలో పైలట్ల చిన్న బొమ్మలూ వస్తాయి. జాన్‌దార్ బొమ్మల విషయంలో ఉలమాల మధ్య మాటలున్నాయి, మీ ఇంటి తరీఖా మీకుంటుంది. పైలట్‌ను పెట్టకపోయినా విమానం విమానమే.

చివరగా ఒక మాట. నిజాం తుహ్ఫా అని రాసిన విమానాన్ని చేతిలో పట్టుకుంటే పిల్లలకు ఫఖర్ కలుగుతుంది. కలగనివ్వండి. దాంతో పాటు పూరా కథ కూడా చెప్పండి. ఆ పైసలు రియాసత్ ఖజానావి. ఆ ఖజానా నింపినవాళ్లలో తెలుగు, మరాఠీ, కన్నడ రైతులున్నారు, మనవాళ్లూ ఉన్నారు. ఆ బాంబులు పడిన షహర్లలో మామూలు జనం ఉన్నారు. మూడు స్క్వాడ్రన్లకు పేరిచ్చిన రియాసత్‌కు 1948లో తనదంటూ ఒక జంగీ హవాయి దళం లేదు. ఇవన్నీ ఒకే తారీఖ్.

మోడల్ పూర్తయ్యాక దాని కింద ఒక చిన్న కార్డు పెట్టించండి. ఎవరిచ్చారు, ఎవరి పైసలు, ఎక్కడికి ఎగిరింది అని మూడు లైన్లు పిల్లలే సొంతంగా రాయాలి. ఇంటికొచ్చిన మెహమాన్ అది చదివి ఒక సవాల్ అడిగితే ఆ జవాబు కూడా వాళ్లనే చెప్పనివ్వండి.

ఖుదా హాఫిజ్.