ఫలక్‌నుమా: ఒక రాజ అతిథి గృహపు పునరుద్ధరణ

ఫలక్‌నుమా అనే పేరు తెలుగువారిలో చాలామందికి ముందుగా ఒక రైలు పేరుగానే పరిచయం. సికింద్రాబాదు నుండి విజయవాడ, విశాఖపట్నం మీదుగా హౌరాకు పోయే ఎక్స్‌ప్రెస్‌కు ఆ పేరు పెట్టారు. ఆ రైలులో ప్రయాణించిన లక్షలాది మందిలో ఆ పేరుగల భవనపు మెట్లు ఎక్కినవారు బహు స్వల్పం. చార్మినారుకు సుమారు 5 కిలోమీటర్ల దూరాన, పాతబస్తీ దక్షిణపు అంచున, ఒక కొండ మీద 32 ఎకరాల ఆవరణలో ఫలక్‌నుమా ప్యాలెస్ నిలిచి ఉన్నది. ఫలక్ అంటే ఆకాశం. నుమా అంటే చూపునది, పోలినది అని అర్థం. ఆకాశానికి అద్దం వంటిదని తెలుగులో చెప్పుకోవచ్చు. అర్ధశతాబ్దం పాటు దాదాపు నిశ్శబ్దంగా పడి ఉన్న ఈ భవనం సుమారు పదేళ్ళ పునరుద్ధరణ అనంతరం 2010 నవంబరులో హోటలుగా తలుపులు తెరిచింది. ఒక చారిత్రక భవనాన్ని హోటలుగా మార్చి నిలబెట్టినప్పుడు అందులో ఏది దక్కుతుంది, ఎవరికి దక్కుతుంది అన్న ప్రశ్నకు ఫలక్‌నుమా చరిత్ర మంచి ఉదాహరణ.

ఈ భవనాన్ని కట్టించినవాడు నిజాము కాడు. ఆసఫ్ జాహీ వంశంతో వియ్యమందిన పైగా కుటుంబానికి చెందిన నవాబ్ వికార్ ఉల్ ఉమ్రా దీని నిర్మాత. పైగాలు హైదరాబాదు సంస్థానంలో నిజాము తరువాత అగ్రశ్రేణి జాగీర్దారులు. వికార్ ఉల్ ఉమ్రా ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు బావమరిది వరుస బంధువు. 1893 నుండి 1901 వరకు సంస్థానానికి ప్రధానమంత్రిగా పనిచేశాడు. 1884 మార్చి 3న శంకుస్థాపన జరిగింది. విలియం వార్డ్ మారెట్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేశాడు. నిర్మాణానికీ అలంకరణకూ కలిసి తొమ్మిదేళ్ళు పట్టింది. 1890 నాటికే నవాబు వెనుక భాగంలో కాపురం పెట్టి, ముందు భాగపు పనిని దగ్గరుండి చూసుకున్నాడు. ప్యాలెస్ విన్యాసం తేలు ఆకారంలో ఉంటుంది. నవాబుది వృశ్చిక రాశి కావడమే దీనికి కారణమని చెప్పుకుంటారు. ముఖభాగంలో ఇటలీ దేశపు స్తంభాల తీరు, కొన్ని చోట్ల ఆంగ్ల ట్యూడర్ పోకడ, వెనుక భాగంలో దక్కనీ కుటుంబాల జనానా అమరిక కలిసి కనిపిస్తాయి. పందొమ్మిదవ శతాబ్దపు హైదరాబాదు ప్రభువర్గం ఐరోపాను ఎలా ఊహించుకున్నదో, ఇంటిలోపల మాత్రం ఎలా జీవించదలచినదో ఈ ఒక్క భవనంలో చూడవచ్చు.

ఈ ఊహకు అయిన ఖర్చు నవాబు శక్తికి మించినదే. అప్పులు చేయవలసి వచ్చింది. ఆ తరువాతి కథకు నగరంలో అనేక రూపాలున్నాయి. భార్య సలహాతో నవాబు నిజామును అతిథిగా ఆహ్వానించాడనీ, వారం గడిచి పక్షమై, పక్షం నెలయినా నిజాము కదలలేదనీ, చివరకు నవాబు ప్యాలెస్‌నే నజరానాగా సమర్పించాడనీ ఒక కథనం. నిజాము ఆ నజరానాను స్వీకరించి, తగిన సొమ్ము చెల్లించాడని దానికి కొనసాగింపు. కథలో ఎంత నిజమో గాని, 1897లో ప్యాలెస్ నిజాము పరమైన మాట చరిత్ర. నవాబు 1902లో మరణించాడు. సొంత ఇంటిగా అది ఆయనకు దక్కినది స్వల్ప కాలమే.

అప్పటి నుండి ఫలక్‌నుమా రాజ అతిథి గృహంగా మారింది. 1906లో వేల్స్ యువరాజుగా వచ్చి, తరువాత ఐదవ జార్జి చక్రవర్తి అయిన అతిథికి ఇక్కడ ఆతిథ్యం జరిగింది. 1911 ఆగస్టులో మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఈ ప్యాలెస్‌లోనే కన్నుమూశాడు. ఆయన కుమారుడు, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నివాసం కింగ్ కోఠీ కావడంతో ఫలక్‌నుమా కొండ మీద ఏడాదిలో చాలా భాగం పనివారు తప్ప ఎవరూ లేని ఇల్లు అయింది. అక్కడి భోజనశాలలో ఒకే పొడవాటి బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. గ్రంథాలయపు పైకప్పు విండ్సర్ కోట గ్రంథాలయాన్ని అనుసరించి చెక్కిన చెక్కపని. పాలరాతి మెట్లదారి పక్క గోడల మీద బ్రిటిషు గవర్నర్ జనరళ్ళ చిత్తరువులు వరుసగా వేలాడుతాయి. వచ్చే అతిథి ఎవరో, ఎవరి మెప్పు కోసం ఇదంతా కట్టారో ఆ వరుసే చెబుతుంది. స్వాతంత్ర్యానంతరం ఇక్కడ బస చేసిన చివరి ప్రముఖ అతిథి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్. అది 1951వ సంవత్సరం.

ఆ తరువాత ప్యాలెస్ మూతపడడానికి కారణాలను వెతకడానికి దూరం పోనక్కరలేదు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. ఇటువంటి భవనాలను పోషించినది వ్యాపార లాభమూ కాదు, జీతమూ కాదు. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాల రైతులు చెల్లించిన శిస్తు. ఆ శిస్తు ఆగిపోవడం న్యాయమే. అయితే దాని వెంట సున్నం వేసేవాడి కూలి, షాండిలియర్లు తుడిచేవాడి జీతం, తోటమాలి బత్తెం కూడా ఆగిపోయాయి. 1967లో ఏడవ నిజాము మరణించాడు. 1971లో రాజభరణాలు రద్దయినాయి. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. వారసుల మధ్య వ్యాజ్యాలు పెరిగాయి. ఏడవ నిజాము మనుమడు, వారసుడు ముకర్రం జా జీవితంలో ఎక్కువ కాలం ఆస్ట్రేలియాలోనూ తుర్కియేలోనూ గడిపి, 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించాడు.

ఇదే కాలంలో హైదరాబాదులోని ఇతర దేవిడీలకు పట్టిన గతి గుర్తు చేసుకుంటే ఫలక్‌నుమా అదృష్టం అర్థమవుతుంది. వికార్ ఉల్ ఉమ్రాకు ముందు ప్రధానమంత్రిగా ఉన్న అస్మాన్ జా కూడా పైగా నవాబే. ఆయన కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ నేడు లేదు. ఆ పేరుతో ఒక కూడలి, ఒక పేట మిగిలాయి. సాలార్‌జంగుల దివాన్ దేవిడీలో 1951లో మ్యూజియం ప్రారంభమైంది. 1968లో మ్యూజియం కొత్త భవనానికి తరలిపోయిన పిమ్మట ఆ దేవిడీ క్రమంగా కూలి దుకాణాల వరుసలకు చోటిచ్చింది. వస్తువులు దక్కాయి, ఇల్లు దక్కలేదు. ఉపయోగం పోయిన భవనం వాననీటికి గాని, భూమి ధరకు గాని ఎక్కువకాలం ఎదురు నిలవలేదని దివాన్ దేవిడీ చూపింది.

రాజస్థాన్ రాజవంశాలు ఈ సంగతిని కొంత ముందుగానే గ్రహించాయి. జైపూరులో రాంబాగ్ ప్యాలెస్ 1957లో హోటలు అయింది. ఉదయపూరులో పిచోలా సరస్సు నడుమ ఉన్న జగ్ నివాస్ 1963లో లేక్ ప్యాలెస్ హోటలుగా మారింది. తరువాత ఈ రెండింటి నిర్వహణా తాజ్ గ్రూపు చేతికి వచ్చింది. ఫలక్‌నుమాను కౌలుకు తీసుకున్నదీ ఆ సంస్థే. ముకర్రం జా మొదటి భార్య రాకుమారి ఎస్రా కుటుంబ పక్షాన ఈ పునరుద్ధరణను పర్యవేక్షించారు. అప్పటికే పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు కూడా ఆమే పూనుకున్నారు. రెండు భవనాలకు రెండు వేర్వేరు దారులు ఎంచుకోవడం గమనించదగినది. దర్బారులు జరిగిన చౌమహల్లా ప్రజలు టికెట్టు కొని చూసే మ్యూజియం అయింది. దాని పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పురస్కారాలలో ఒకటి లభించింది. అతిథుల కోసం ఉన్న ఫలక్‌నుమా అతిథి గృహంగానే కొనసాగింది. భవనపు పూర్వపు పనికి దగ్గరగా ఉండే పనిని వెతికి ఇవ్వడం పునరుద్ధరణలో మొదటి మెట్టు. ఆ లెక్కన ఈ నిర్ణయం సరైనదే.

రెండవ మెట్టు ఇంతకంటె కష్టమైనది. హోటలుకు స్నానపు గదులు కావాలి, నీటి గొట్టాలు, విద్యుత్ తీగలు, శీతలీకరణ యంత్రాలు, అగ్నిమాపక ఏర్పాట్లు కావాలి. వీటిలో ప్రతి ఒక్కదానికీ ఎక్కడో ఒక గోడను తొలవక తప్పదు. ఫలక్‌నుమాలో ముందు భాగపు దర్బారు గదులను, అంటే గ్రంథాలయం, భోజనశాల, నాట్యశాల, బిలియర్డ్స్ గది, జేడ్ గది మొదలైనవాటిని, పాత సామగ్రితో పాత రూపానికే తీసుకువచ్చారు. బస గదులలో ఎక్కువ భాగాన్ని వెనుకటి ఆవరణ చుట్టూ ఉన్న నివాస భాగాలలో అమర్చారు. మొత్తం గదులు 60. ఇంత పెద్ద ఆవరణకు ఇది చిన్న సంఖ్య. నాలుగు అంతస్తుల కొత్త కట్టడం ఒకటి పక్కన లేపి, గదులను మూడింతలు చేయడం వ్యాపార దృష్టికి తోచని విషయం కాదు. తోచినా చేయకపోవడంలోనే ఈ పునరుద్ధరణ విలువ చాలా వరకు ఉన్నది.

పాత కట్టడాల మరమ్మతులో కంటికి కనపడని పెద్ద సమస్య సున్నం. దక్కనులో తరతరాలుగా గోడలకు వాడినది గానుగ సున్నం. ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద సున్నమూ ఇసుకా రోజుల తరబడి నలిగేవి. బెల్లపు నీరు, కరక్కాయ కషాయం, నునుపు కోసం కోడిగుడ్డు తెల్లసొన కలిపే అలవాటు ఉండేది. ఈ గచ్చు మెత్తనిది. గోడలోని తేమను పీల్చి మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పూసినట్లయితే తేమ లోపలే చిక్కుకుంటుంది. పైకి గోడ కొత్తగా మెరుస్తుంది. లోపల పాత సున్నం పొడి అవుతూ పోతుంది. కొన్నేళ్ళకు పూత పెచ్చులుగా ఊడి, దానితోపాటు వందేళ్ళ నాటి పూలతీగల గచ్చు పని కూడా రాలిపోతుంది. హైదరాబాదులో మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతుల వల్లనే దెబ్బతిన్న దేవిడీలు, మసీదులు, సమాధులు తక్కువేమీ కావు. సున్నపు పని తెలిసిన మేస్త్రీ దొరకడం, ఆ పని ఆరేదాకా ఆగే ఓపిక ఉండడం అనే ఈ రెండింటి మీదనే ఇటువంటి పునరుద్ధరణ ఆధారపడుతుంది. పదేళ్ళు పట్టిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు. కట్టడానికే తొమ్మిదేళ్ళు పట్టిన భవనం అది.

అదే సంవత్సరాలలో అదే సంస్థ మరొక చోట మరొక రకమైన పునరుద్ధరణ చేయవలసి వచ్చింది. ముంబయిలో 1903 డిసెంబరు 16న ప్రారంభమైన తాజ్ మహల్ హోటలు మీద 2008 నవంబరు 26న ఉగ్రవాదులు దాడి చేశారు. 29వ తేదీ వరకు సాగిన ఆ మారణకాండలో అతిథులు, ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. పాత భాగపు పై అంతస్తులు మంటలలో కాలిపోయాయి. ఆ భాగం తిరిగి తెరుచుకున్నది 2010 ఆగస్టు 15న. మూడు నెలల తరువాత ఫలక్‌నుమా తెరుచుకున్నది. ఒకదానిని మూడు రోజుల మంటలు పాడుచేశాయి, రెండవదానిని యాభై ఏళ్ళ అలక్ష్యం. మొదటి నష్టాన్ని దేశమంతా చూసి దుఃఖించింది. రెండవ రకపు నష్టానికి సాక్షులు ఉండరు. హైదరాబాదు భవనాలు ఎక్కువగా పోయినది ఆ రెండవ విధంగానే.

ఫలక్‌నుమాలో అన్నీ మెచ్చుకోదగినవే అనలేము. వచ్చిన అతిథిని కింది ద్వారం నుండి గుర్రపు బగ్గీలో పైకి తీసుకుపోవడం, మెట్లు ఎక్కుతుండగా గులాబి రేకులు చల్లడం హోటలు వారి ఏర్పాటు. చూడముచ్చటగానే ఉంటుంది గాని, చరిత్రకంటె నాటకానికి అది దగ్గర. అప్పుల్లో మునిగిన నవాబు, శిస్తు కట్టిన రైతు, రాయి మోసిన కూలీ ఆ నాటకంలో కనిపించరు. కొండ దిగువన ఇరుకు వీధులలో నివసించే పాతబస్తీ ప్రజలకు ఆ భవనం నేటికీ దూరం నుండి కనిపించే తెల్లని గోడే. అక్కడ ఒక రాత్రి బసకు అయ్యే ఖర్చు వారి ఇళ్ళలో నెలల సంపాదన. పర్యాటక శాఖ కొంతకాలం వారాంతాలలో చౌమహల్లాతో కలిపి ఫలక్‌నుమా సందర్శన యాత్రలు నడిపింది. సామాన్యుడు గవర్నర్ జనరళ్ళ చిత్తరువుల పక్కగా ఆ పాలరాతి మెట్లు ఎక్కిన అవకాశాలలో అది ఒకటి. పాఠశాల పిల్లలకు నెలకు ఒక్క పూటైనా ఆ గ్రంథాలయం చూపించడం హోటలు గౌరవానికి భంగం కాబోదు.

ఐనా ప్రత్యామ్నాయం ఏమిటన్నది మరువరాదు. ఖైరతాబాదు సమీపంలో, ఫఖ్రుల్ ముల్క్ నవాబు కట్టించిన ఇర్రం మంజిల్ చాలాకాలం ప్రభుత్వ కార్యాలయంగా ఉన్నది. 2019లో దానిని పడగొట్టి అక్కడ కొత్త శాసనసభా భవనం కట్టాలని తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. భవనం నిలిచింది. కాని నిలిచిన భవనానికి పని ఏమిటన్నది తీర్పుతో తేలే విషయం కాదు. దాని గోడలకూ సున్నం కావాలి, కప్పుకూ మరమ్మతు కావాలి.

ఫలక్‌నుమాలో 2017 నవంబరు 28న, ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా, ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అమెరికా అధ్యక్షుని కుమార్తె ఇవాంకా ట్రంప్ తదితర అతిథులకు విందు ఇచ్చారు. ఆ విందు జరిగినది 101 మంది కూర్చునే ఆ పాత బల్ల దగ్గరే.