దూరబోధనయందు ప్రత్యుత్తర మార్గము

బోధనకు రెండు దారులు గలవు. గురువు మాట శిష్యుని చేరుట మొదటిది. శిష్యుని ప్రశ్న గురువును చేరుట రెండవది. పాఠశాలలో ఈ రెండును ఒక్క కప్పు క్రిందనే యుండుటచే వీనిని వేర్వేరుగా నెన్నవలసిన పని కలుగదు. గురుశిష్యుల నడుమ దూర మేర్పడినపుడే వీని భేదము తేటపడును. గడచిన యేబదియేండ్లలో తెలుగునాట దూరబోధనకై వచ్చిన సాధనములను గూర్చి చెప్పునపుడు, పాఠ మెన్ని గ్రామములకు, ఎంతమందికి చేరెనని లెక్కించుట వాడుక. ఈ వ్యాసమున మేము రెండవ దారిని కొలబద్దగా గైకొని యీ చరిత్రను పరిశీలింపదలచితిమి.

1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఉత్తరముల ద్వారా విద్య గరపు శాఖ నెలకొన్నది. ఈ పద్ధతిలో పాఠము టపామీద పోవును. జవాబును టపామీదనే వచ్చును. నడక మందమే కాని, పోవు దారియు వచ్చు దారియు సమానములు. తరువాతి సాధనములను ఈ సామాన్యమైన టపా పద్ధతితో పోల్చి చూచుట యుక్తము.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజను ప్రయోగము 'సైట్' అను పేర ప్రసిద్ధి కెక్కినది. భారత ప్రభుత్వమునకును అమెరికాలోని నాసాకును 1969లో కుదిరిన ఒడంబడిక దీనికి మూలము. నాసావారి ఏ.టి.యస్.-6 ఉపగ్రహము ఒక యేడు మనకు వినియోగపడెను. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పెట్టెలును, కోళ్లగూళ్లకు వాడునట్టి తీగెవలతో చేసిన పెద్ద పళ్లెముల వంటి యాంటెనాలును చేరినవి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు ప్రసారమయ్యెడివి. ఒక చిత్రమార్గమునకు రెండు ధ్వనిమార్గములు తోడుగా నుండుటచే, ఒకే బొమ్మకు రెండు భాషల మాటలు జోడించుటకు వీలయ్యెను. తెలుగు కార్యక్రమములకు హైదరాబాదు నిర్మాణస్థానము.

కాని గ్రామమునుండి పైకి పోవు మార్గ మొక్కటియు లేదు. ఈ కొరతను నిర్వాహకు లెరుగకపోలేదు. పరిశోధకులను కొన్ని గ్రామములలో నివసింపజేసి, చూచువారి స్పందనలను సేకరించిరి. అందువలన కార్యక్రమములను బేరీజు వేయుటకు వీలు కలిగినదే కాని, సందేహము కలిగిన బాలునికి నాడే సమాధానము దొరకు నుపాయము కలుగలేదు. ఆ ప్రయోగములో భాగముగనే జరిగిన ఉపాధ్యాయ శిక్షణలో మాత్రము టెలివిజనుకు రేడియోను, ముద్రిత పాఠమును, శిక్షణస్థానమున ముఖాముఖి చర్చను జోడించిరి. సాధనమునకు లేని నాలుకను మనుష్యునిచే పూరించుట యిచ్చట గమనింపదగినది.

1982లో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున ఆ తరగతి సంస్థలలో మొదటిది. జి. రాంరెడ్డిగారు దీనికి తొలి ఉపాధ్యక్షులు. 1991లో ఇది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర వెలసినది. ముద్రిత పాఠములకు శ్రవ్య, దృశ్య పాఠములు తోడైనను, విద్యార్థి నోరు విప్పి యడుగుటకు ఊరూర నేర్పడిన అధ్యయన కేంద్రములే ఆధారములైనవి.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి విద్య కొరకే యెగసిన ఎడ్యుశాట్ ఉపగ్రహము మన విచారణకు మిక్కిలి ముఖ్యము. దాని వ్యవస్థలో రెండు తరగతుల కేంద్రములు గలవు: కొన్నింట విద్యార్థులు చూచుటయే కాక తిరిగి మాటలాడగలరు, కొన్నింట చూచుట మాత్రమే. పోవు దారికంటె వచ్చు దారి కెక్కువ యంత్రసామగ్రి, ఎక్కువ వ్యయము కావలెనన్న సత్యమునకు ఈ విభజనయే సాక్ష్యము. 2010లో ఆ ఉపగ్రహము విరమించెను.

ప్రత్యుత్తరమునకు యంత్రముతోపాటు లిపియు కావలెను. అంతర్జాలమున తెలుగువారు తొలుత రోమను అక్షరములతో తెలుగు వ్రాసికొనిరి, ఆర్.టి.యస్. అను పద్ధతి అట్టిదే. 1991లో యూనికోడు తొలి ప్రమాణమునందే తెలుగునకు స్థానము లభించినను, సామాన్యుని చేతికి తెలుగు అక్షరము లందుటకు మరి కొన్నియేండ్లు పట్టెను. 2003లో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. చదువరి యచ్చట తానే వ్రాయగలడు, ఒరుల వ్రాతను దిద్దగలడు. ఈ కొలబద్దకు ఇది పెద్ద ముందడుగు.

2020 మార్చిలో కోవిడ్ కారణముగా బడులు మూతపడగా ఈ చరిత్ర యంతయు ఒక్కసారి పరీక్షకు నిలిచినది. ఆ యేడు సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఆ పని చేసెను. ఇది 1975 నాటి పద్ధతియే. కొత్తది వాట్సాప్. ఉపాధ్యాయుడు తరగతికొక సమూహ మేర్పరచి అభ్యాసములు పంపగా, విద్యార్థి నోటుపుస్తకపు పుటను ఫొటో తీసి తిరిగి పంపెను. బోధనకై పుట్టని యీ సాధనము, బోధనకై నిర్మితమైన ఉపగ్రహములు పూర్తిగా నీయజాలని ప్రత్యుత్తర మార్గమును ఇచ్చినది.

అయితే అది యెవరికి? 2020 సెప్టెంబరులో గ్రామీణ భారతమున జరిగిన 'అసర్' సర్వే ప్రకారము, బడిలో పేరున్న పిల్లలలో 61.8 శాతముమంది యిండ్లలో స్మార్ట్‌ఫోను గలదు. 2018లో ఇది 36.5 శాతము. కాని సర్వేకు ముందువారమున బడినుండి ఏదేని అభ్యాస సామగ్రి యందినవారు సుమారు మూడవవంతు మాత్రమే. ఇంట ఫోనున్నంత మాత్రమున బిడ్డచేతికి పాఠము రాదు. తండ్రితో పనికి పోయిన ఫోను సాయంకాలమున గాని యింటికి చేరదు. గ్రామమున కంతటికి ఒక పెట్టె యున్న 'సైట్' కాలమున అందరును మౌనశ్రోతలే. ఇపుడు కొందరికి మాట వచ్చినది, కొందరికి రాలేదు.

కావున సాధనము కొత్తదగుటచే ప్రత్యుత్తర మార్గము తనంత తాను విశాల మగునని చెప్పుటకు వీలులేదు. విద్యార్థి మాట విను మనుష్యుని నియమించినపుడే అది విశాలమైనదని పై యుదాహరణములు నిరూపించుచున్నవి. ఇంకొక మాట. నాటి ప్రసారపాఠములలో పెక్కింటిని నేడును యూట్యూబున చూడవచ్చును. పిల్లలు పంపిన జవాబులు మాత్రము ఫోనులు మారినపుడెల్ల చెరిగిపోవుచున్నవి. వానిలో తెలుగు బిడ్డలు అడిగిన ప్రశ్నలు, చేసిన తప్పులు, వ్రాసిన భాష యున్నవి. ఆ యుపాధ్యాయులు, తల్లిదండ్రులు సమ్మతించినచో, పిల్లల పేర్లు తొలగించి వానిని భద్రపరచుట తెలుగు శాఖలకు తగిన పని యని మా యభిప్రాయము. లేనిచో ముందువారికి గురువుల కంఠమే వినబడును. శిష్యు లేమి యడిగిరో తెలియదు.