గ్రేడు

పలాస జీడిపప్పు వ్యాపారంలో గ్రేడంటే ముఖ్యంగా గింజ సైజు. డబ్ల్యూ-180 అంటే పౌనుకు 180కి మించని పప్పులు. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. గ్రేడు అనే మాటకు మూలం లాటిన్ ‘గ్రాదుస్’, అంటే అడుగు, మెట్టు. మన మెట్టూ కాలు మోపడం నుంచి పుట్టిందే.

బండలెక్కేవాళ్ల నోట ఈ మాట మళ్లీ కాళ్ల దగ్గరికి వచ్చింది. స్పోర్ట్ క్లైంబింగ్‌లో దారి పొడవునా బోల్టులు ముందే బిగించి ఉంటాయి. అక్కడ 6ఎ అనే ఫ్రెంచి గ్రేడు చెప్పేది ఎక్కడంలోని కష్టం ఒక్కటే. ట్రాడ్, అంటే సంప్రదాయ క్లైంబింగ్‌లో అలా కాదు. పగుళ్లలో ఆధారాలను ఎక్కేవాళ్లే ఇరికించుకుంటూ పోవాలి, అవి ఊడితే పడేది చాలా దూరం. అందుకే బ్రిటన్‌లో జంట గ్రేడు రాస్తారు: ‘ఇ1 5బి’లో మొదటిది ప్రమాదంతో సహా దారి మొత్తం తీరు, రెండోది అన్నిటికన్నా కష్టమైన కదలిక. పోలిక పట్టికల్లో ఇది ఇంచుమించు 6ఎ దగ్గర కనిపిస్తుంది. నా దృష్టిలో ఆ పట్టిక సగమే నిజం; కండబలాన్ని తూస్తుంది గానీ గుండెదిటవును తూయదు.

గుండెదిటవు మాటకొస్తే, 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చింది భువనగిరి ఏకశిల మీదే.